ఇసుక మనిషి తొమ్మిది ఫ్రేములు

తెనాలి,
5 డిసెంబరు 2021, ఆదివారం

చిరంజీవి చిన్నోడికి నాన్న దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ గోంగూర పచ్చడి, ఉసిరికాయ పచ్చడి, ఓ డబ్బా సున్నుండలు కట్టింది. ఈ రోజుల్లో ఉత్తరమేంటి, ఫోనుంది కదా అంటావు. ఫోన్లో నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను. మొన్న మంగళవారం రాత్రి నలభై నిమిషాలు అదే జరిగింది. పెట్టేశాక చూసుకుంటే నేను చెప్పాలనుకున్నది ఒక్క ముక్కా చెప్పలేదు. అందుకే పచ్చళ్ళతో పాటు ఇదీ పెడుతున్నా.

నలభై నిమిషాలూ ఒక బల్లి తల గురించే. బ్రెజిల్ వాళ్ళు వదిలిన కొత్త స్పైడర్‌మ్యాన్ సినిమా 'నో వే హోమ్' ట్రైలర్‌లో ఆ బల్లి మనిషి గాల్లోకి దూకుతుంటే ఎవరూ కొట్టకుండానే తల పక్కకి విసిరినట్టయిందనీ, అక్కడ కొట్టిన ఇంకో స్పైడర్‌మ్యాన్‌ని, పాత సినిమాల్లోవాణ్ణి, చెరిపేశారనీ నువ్వు. అదేం కాదు, గ్రాఫిక్స్ పని పూర్తికాక అలా వచ్చిందని మీ రూమ్మేటు. ఇద్దరికీ రెండ్రోజులుగా మాటల్లేవని చివర్లో నెమ్మదిగా బయటపెట్టావు. అమ్మ పక్క నుంచి విని, "బల్లి తల తిరిగితే వీళ్ళు మాటలు మానేయడమేంటి, చోద్యం కాకపోతే" అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పాతికేళ్ళు ఫ్రేములు చూసుకుంటూ బతికినవాణ్ణి, ఆ గొడవ నాకు కొత్త కాదు.

నువ్వు పంపిన లింకు నిన్న రాత్రి చూశాను. గురువారం నుంచి మన హాల్లో అఖండ ఆడుతోంది. సెకండ్ షో మొదలెట్టి, కేబిన్‌లో స్టూలు మీద కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని ఫోన్లో ఆ ముక్క వేశాను. బయట సౌండుకి గోడలు అదురుతున్నాయి. నా చేతిలో బల్లి. పదిహేనుసార్లు చూసుంటాను.

మన పాత మెషిన్లో ఫిల్ము తెగితే ఏం చేసేవాణ్ణో గుర్తుందా? తెగిన చోట రెండు వైపులా నలిగిన ఫ్రేములు కత్తిరించి, కొసలు సరిగ్గా కలిపి అతికేవాళ్ళం. మొదట్లో బ్లేడుతో గీకి సిమెంటు రాసేవాళ్ళం, తర్వాత ఫిల్ము మారింది, టేపు వచ్చింది. పోయేవి నాలుగైదు ఫ్రేములే. సెకనుకి 24 ఆడతాయి, అంటే సెకనులో ఐదో వంతు, కాస్త అటూ ఇటూ. అయినా తెర మీద పట్టిచ్చేస్తుంది. గుమ్మం దగ్గరున్న మనిషి మంచం దగ్గర తేలతాడు. అయితే అతనొక్కడే ఎగరడు. వెనకాల చెట్టు, బస్సు, అందులో తల బయటపెట్టిన పిల్లాడు, అంతా ఒకేసారి ఎగురుతుంది. ఫ్రేము పోతే అందులో ఉన్నవాళ్ళందరికీ పోతుంది.

ఆ బల్లి షాటులో అలా కాలేదు. వెనకాలదంతా సాఫీగా నడుస్తోంది. కరెంటు మనిషి, ఇసుక మనిషి అనే మిగతా విలన్లు తమ దారిన తాము వస్తున్నారు. బల్లి తల ఒక్కటే దెబ్బ తిన్న తల తిరిగినట్టు తిరిగింది. తిరగడంలో బరువుంది. గ్రాఫిక్స్ సంగతి నాకు తెలీదు కానీ, పని మధ్యలో ఆపేస్తే బొమ్మ మొద్దుగా వస్తుంది గానీ దెబ్బ తగిలినట్టు రాదు. ముందు ఎవరో కొట్టారు, తర్వాత కొట్టినవాణ్ణి తీసేశారు. అమెరికా ట్రైలర్‌లో ఆ షాటుని ఇంకాస్త ముందే తుంచేశారు. బ్రెజిల్ దాంట్లో ఒక్క క్షణం ఎక్కువ నడిచింది, దొరికిపోయారు. మూడు నిమిషాల ట్రైలరంటే నాలుగు వేల పైచిలుకు ఫ్రేములు. అందులో ఏ నాలుగు ఎక్కువయ్యాయో చూసుకోని ఎడిటర్ మీద నాకు జాలేసింది. ఈపాటికి ఎవరి దగ్గరో చీవాట్లు తినే ఉంటాడు.

అంచేత నా ఓటు నీకే. ఈ పేరా మీ రూమ్మేటుకి చూపించు, నువ్వు చదివి వినిపించకు. నీ గొంతులో వింటే పుండు మీద కారం చల్లినట్టుంటుంది.

కానీ ఒకటి. 2017 చివర్లో అవెంజర్స్ ఇన్ఫినిటీ వార్ ట్రైలర్ చూసి, హల్క్ అందరితో కలిసి వకాండా పొలాల్లో పరిగెత్తుతున్నాడని నువ్వెంత ఎగిరావో! తీరా సినిమాలో ఆ పరుగే లేదు. బయటికొచ్చి "మోసం నాన్నా, పచ్చి మోసం" అని సైకిలు స్టాండు దగ్గర నిలబడి తిట్టావు. లేనిది చూపించగలిగినవాళ్ళు ఉన్నది దాచలేరా అని నువ్వు ఇప్పుడంటున్నావు. నిజమే. నువ్వు పుట్టిన ఏడాది, 2001లో, మొదటి స్పైడర్‌మ్యాన్ టీజర్‌లో ఆ న్యూయార్క్ జంట టవర్ల మధ్య గూడు కట్టి హెలికాప్టర్‌ని పట్టినట్టు చూపించారని నువ్వే చెప్పావు కదా. సెప్టెంబరులో టవర్లు కూలాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. అసలు ఆ దొంగలూ హెలికాప్టరూ సినిమా కోసం తీసినవే కావట. ట్రైలర్ అంటే తోకలా వెనకాల వచ్చేది అని అర్థం. మొదట్లో సినిమా అయిపోయాక చివర్న వేసేవారు కాబట్టి ఆ పేరొచ్చింది. ఆ తోక ఇప్పుడు సినిమా కంటే పొడుగైంది. ఆగస్టులో వచ్చిన ఈ కొత్త సినిమా మొదటి ట్రైలర్‌ని 24 గంటల్లో 35 కోట్ల 55 లక్షల సార్లు చూశారంటే, అవెంజర్స్ ఎండ్‌గేమ్ ట్రైలర్ రికార్డు 28 కోట్ల 90 లక్షలు కొట్టుకుపోయిందంటే, ఇక దాచేవాళ్ళకి ఒళ్ళంతా కళ్ళుండాలి.

ఆ రెండో స్పైడర్‌మ్యాన్, ఆండ్రూ గార్‌ఫీల్డ్, అడిగిన చోటల్లా నేను లేను లేను అంటున్నాడని చెప్పావు. మన పాత ఓనరుగారు "ఈసారి బెనిఫిట్ షో లేదయ్యా, ఒట్టు" అని గేటు దగ్గర నిలబడి చెప్పిన ప్రతిసారీ తెల్లవారుజామున నాలుగింటికి నన్ను లేపేవారు. ఆ లెక్కన అతను ఉన్నాడు.

నువ్వు చెప్పినవాటిలో నాకు బాగా పట్టుకున్నది బల్లి కాదు. ట్రైలర్‌లో హీరోయిన్ అమ్మాయి ఎత్తు మీంచి పడిపోతుంటే పీటర్‌కి, అదే ఇప్పటి స్పైడర్‌మ్యాన్‌కి, చెయ్యి అందని షాటు. 2014 సినిమాలో గార్‌ఫీల్డ్ తను ప్రేమించిన పిల్ల అలాగే పడిపోతుంటే కాపాడుకోలేకపోయాడు కాబట్టి, ఈసారి ఈ అమ్మాయిని పట్టుకునేది అతనే అవుతాడని మీ వాళ్ళ వాదన. ఏ ఆధారం లేదు, ఉత్త ఊహ. అయినా ఆ మాట విన్నప్పటి నుంచి అది నిజం కావాలని నాకూ ఉంది. అమ్మకి చెబితే సున్నుండ చుడుతూ ఆగి, "పట్టుకుంటాడా మరి?" అంది. బల్లి గురించి వెక్కిరించిన మనిషే.

ఇంతకీ ఆ ట్రైలర్‌లో నేను గుర్తుపట్టినవాడు ఒక్కడే. ఇసుక మనిషి. 2007 మే. స్పైడర్‌మ్యాన్ 3 తెలుగులో వచ్చింది, భోజ్‌పురిలో కూడా వేశారని అప్పట్లో అందరూ నవ్వుకున్నారు. నీకు ఆరేళ్ళు, ఎండాకాలం సెలవులు. అమ్మ ఇంట్లో నీ అల్లరి పడలేక నీకు టిఫిన్ పెట్టి మ్యాట్నీకి నా దగ్గరికి తోలేసేది. స్టూలెక్కి కేబిన్ కిటికీలోంచి చూసేవాడివి. రీలు మారే ముందు బొమ్మ పైన కుడి మూల చుక్క పడుతుంది కదా, నేను చూసుకునేలోపే "చుక్క పడింది నాన్నా!" అని అరిచేవాడివి. ఆ రెండు వారాలూ నాకు ఒక్క మార్పు కూడా తప్పలేదు. అసిస్టెంటుకి జీతం దండగని మేనేజరు అనేవాడు.

సినిమా పెద్ద గొప్పది కాదు. విలన్లు ఎక్కువయ్యారు, ఒకడు తేలేలోపు ఇంకొకడు. ఇప్పుడు ఐదుగురంటున్నారు, అదీ నా భయం. అందులో ఇసుక మనిషి లేచే సీను మాత్రం రోజుకి నాలుగాటలూ పని వదిలేసి చూసేవాణ్ణి. రేణువులన్నీ కూడి మనిషవుతాడు. కింద పడున్న లాకెట్టు తీసుకోబోతాడు. అందులో వాడి కూతురి ఫోటో. చెయ్యి పెడితే వేళ్ళు విరిగి ఇసుకై రాలిపోతాయి. మళ్ళీ కూడదీసుకుంటాడు. డైలాగే ఉండదు. నువ్వు ఆ సీనుకి స్టూలు దిగి వచ్చి నా లుంగీ పట్టుకుని నిలబడేవాడివి, భయమని ఒప్పుకునేవాడివి కాదు.

రెండో వారంలో సరిగ్గా అక్కడే ఫిల్ము అంచు రంధ్రాలు చిరిగి మెషిన్ పట్టేసింది. హాల్లో ఈలలు, కుర్చీల మోత. తప్పు నాదే, మెషిన్లో ఫిల్ము నడిచే గేటు సరిగ్గా తుడవలేదు. చిరిగిన తొమ్మిది ఫ్రేములు కత్తిరించి అతికాను. ఆ తర్వాత ప్రతి ఆటలో ఇసుక మనిషి వేళ్ళు రాలకముందే రాలిపోయి ఉండేవి. మన ఊళ్ళో ఎవరికీ తెలీలేదు, నీకు తప్ప. "వేళ్ళేవి నాన్నా?" అని అడిగావు.

ఆ ముక్క నీకిస్తే బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నావు. రాత్రుళ్ళు ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకుని ఒక్కో ఫ్రేము చూసి, మూడో దానికీ నాలుగో దానికీ తేడా ఏంటో నాకు చెప్పేవాడివి. మంగళవారం నువ్వు ఫోన్లో "నాన్నా, పాజ్ చేసి ఒక్కో ఫ్రేము ముందుకి జరుపు" అంటుంటే నాకు ఆ ట్యూబ్‌లైటే కనిపించింది. పాత మెషిన్ 2011లో తూకానికి పోయింది. ఇప్పుడు సినిమా డబ్బాలో వస్తుంది, నేను బటన్ నొక్కుతాను, తెగేది లేదు, అతికేది లేదు.

సరే, అసలు విషయం. ఈ స్పైడర్‌మ్యాన్ మనకి 16న, గురువారం, అమెరికా కంటే ఒకరోజు ముందే వస్తోంది. 17న పుష్ప. రేపే దాని ట్రైలర్ వస్తుందని ఊళ్ళో కుర్రాళ్ళు ఇప్పటి నుంచే ఊగిపోతున్నారు. పుష్ప వచ్చిందంటే స్పైడర్‌మ్యాన్‌కి ఇక్కడ తెర దొరకదు. 16 ఒక్కరోజు నాలుగాటలు వేద్దామని ఓనర్ని బతిమాలాను. టికెట్ రేట్ల గొడవలో ఆయన అసలే చిరాగ్గా ఉన్నాడు, అయినా సరే అన్నాడు, తెలుగులోనే వేస్తాం. నువ్వు 15 రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఇంట్లో ఉంటావు. మీ రూమ్మేటు వస్తానంటే తీసుకురా. సినిమాలో కొత్తవాడూ పాతవాళ్ళిద్దరూ కలిసి ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లు ఉంటే వాడు మనకి సోడా తాగించాలి, లేకపోతే నేను ఇద్దరికీ బిర్యానీ. కేబిన్‌లో కుర్చీలు మూడు వేస్తాను. అమ్మ బాల్కనీలో కూర్చుంటానంది, ఆ అమ్మాయి సంగతి తేలేదాకా లేవదట. కొత్త వైరస్ అంటున్నారు, బస్సులో మాస్కు తియ్యకు.

గోంగూర డబ్బా కింద గట్టి కవరొకటి ఉంది. నీ బిస్కెట్ల డబ్బా అటక మీద దొరికింది. తొమ్మిదీ ఉన్నాయి, రంగు కొంచెం ఎర్రబారింది. మీ వాడికి చూపించు. పచ్చడి చేతులతో మాత్రం ముట్టుకోకండి.

ఇట్లు,
నాన్న