యంత్రాల చరిత్రలో మగ్గం ఏదీ?

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ ఆదివారం అనుబంధంలో ఆటోమేటిక్ యంత్రాల చరిత్ర అంటూ రెండు పేజీల వ్యాసం వేశారు. కంప్యూటర్లు, ఏటీఎంలు, లిఫ్టులు, వాషింగ్ మెషీన్లు, కార్ల ఫ్యాక్టరీల్లో రోబోలు అన్నీ ఉన్నాయి. మగ్గం ఊసే లేదు. పోచంపల్లి, గద్వాల, ధర్మవరం, వెంకటగిరి ఉన్న నేల మీద అచ్చయ్యే పత్రికలో ఇలా జరగడం నేతింట పుట్టిన నాకు మింగుడుపడలేదు.

1804లో ఫ్రాన్సులోని లియాన్‌లో జోసెఫ్ మరీ జకార్డ్ చిల్లులు కొట్టిన అట్టలతో మగ్గం నడిపించాడు. ఆయనకు ముందే బూషాన్, ఫాల్కన్, వొకాన్‌సన్ ఆ దారిలో కృషి చేశారు. చిల్లున్న చోట పడుగు (నిలువు) పోగు లేస్తుంది, లేని చోట కిందే ఉంటుంది. అంతవరకు మగ్గం దగ్గర ఓ కుర్రాడు రోజంతా తాళ్లు లాగితేగాని పువ్వు పడేది కాదు. ఇంగ్లండులో గణితజ్ఞుడు చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఈ అట్టల పద్ధతినే తీసుకున్నాడు. దాదాపు 24,000 అట్టలతో పట్టు మీద నేసిన జకార్డ్ ముఖచిత్రాన్ని తన ఇంట్లో పెట్టుకున్నాడు కూడా. 1890 అమెరికా జనాభా లెక్కలు తేల్చిందీ చిల్లుల కార్డులే. కంప్యూటర్ పుట్టుక రాస్తూ ఇవన్నీ ఎలా వదిలేశారు? ధర్మవరం వెళ్లి చూడండి, మగ్గం మీద జాకార్డు పెట్టె, దండలా వేలాడే అట్టలు ఇప్పటికీ కనిపిస్తాయి.

కార్ల రోబోల గురించి అంత రాశారు కదా, టయోటా వారి మొదటి సరుకు కారు కాదు, మగ్గం. పోగు తెగితే తనంతట తానే ఆగిపోయే మగ్గాన్ని సకిచి టొయొడా 1924లో తెచ్చాడు. 1929లో దాని హక్కులను ఇంగ్లండు కంపెనీ కొనుక్కుంది.

అన్నిటికన్నా బాధపెట్టింది లడ్డైట్ల (రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో యంత్రాలు పగలగొట్టిన పనివాళ్ల) గురించి రాసిన ఒక్క వాక్యం. 'యంత్రాలంటే భయపడిన మూఢులు' అన్నారు. వాళ్లు మూఢులు కారు, వాళ్లలో చాలామంది పనితనం తెలిసిన మేజోళ్ల నేతగాళ్లు. కూలి తెగ్గోసి, నాసిరకం సరుకు తీసే యజమానుల మగ్గాలను పగలగొట్టారు. అందుకు 1812లో బ్రిటిష్ పార్లమెంటు ఉరిశిక్ష చట్టం తెచ్చింది. కవి బైరన్ పార్లమెంటు ప్రభువుల సభలో నిలబడి దాన్ని వ్యతిరేకించాడు.

ఇది ఎక్కడో జరిగిపోయిన కథ కాదు. కొన్ని రకాల బట్టలు చేనేతకే కేటాయిస్తూ 1985లో మన దేశంలో చట్టం చేశారు. మొదట 22 రకాలు, తర్వాత వాటిని 11కు కుదించారు. ఆ పదకొండైనా కాపాడుతున్నారా? పోచంపల్లి డిజైన్లు అచ్చు గుద్దిన చీరలు ఏ బజారులో చూసినా గుట్టలుగా ఉంటాయి. అధికారులు ఆగస్టు 7న చేనేత దినోత్సవానికి వచ్చి శాలువాలు కప్పించుకుని వెళ్తారు. దుకాణాల్లో తనిఖీలు చేయండయ్యా అంటే సిబ్బంది లేరంటారు.

యంత్రం వద్దని మేమెప్పుడూ అనలేదు. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. నేతకు ముందు మేకుల చుట్టూ నూలు పోగు చుట్టే పనినే ఆసు అంటాం. ఒక్క చీరకు ఆసు పోయాలంటే ఆడవాళ్లు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. భుజాలు పడిపోయేవి. తల్లి లక్ష్మి గారి బాధ చూడలేక ఆయన ఆ యంత్రం కోసం ఏళ్లపాటు తిప్పలు పడ్డారు, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం నొప్పి తీసేసింది, నేత మాత్రం మా చేతుల్లోనే ఉంచింది. మా ఇళ్లలోకి దాన్ని మేమే పిలిచి తెచ్చుకున్నాం. మర మగ్గం మీద నకలు తీసి మా పేరుతో అమ్మడం, ఇదీ ఒకటేనా?

అంత పెద్ద వ్యాసంలో మల్లేశం గారికి ఒక్క వాక్యం దొరకలేదు. లడ్డైట్ల మీద రాసిన మాటను సవరించండి. జకార్డ్ మగ్గం గురించి, ఆసు యంత్రం గురించి అదే అనుబంధంలో, ఫొటోలతో వేయండి. రాసేవారు ముందు ఒకసారి పోచంపల్లి వచ్చి మగ్గం దగ్గర కూర్చుంటే మా వాళ్లు అన్నీ విప్పి చూపిస్తారు.

ఇట్లు,
ఒక నేత కుటుంబీకుడు,
యాదాద్రి భువనగిరి జిల్లా