పెద్దలకు లెక్కలు మొదటినుంచి చెప్పాలి

పదో తరగతి లెక్కల్లో తప్పి, పెళ్లయి పిల్లలు పుట్టాక మళ్లీ పరీక్షకు కూర్చునే మాలాంటివాళ్లకు హైదరాబాద్‌లో లెక్కలు మొదటినుంచి నేర్పే చోటే దొరకడం లేదు. ఓపెన్ స్కూల్‌లో 14 ఏళ్లు నిండినవారు ఎవరైనా పదో తరగతి చదవొచ్చు, గరిష్ఠ వయోపరిమితి లేదు. అది నిజంగా మంచి ఏర్పాటు. కానీ మా స్టడీ సెంటర్‌లో మొదటి ఆదివారమే సారు బోర్డు మీద వర్గ సమీకరణం రాసి, సూత్రంలో విలువలు వేసి చూపించారు. నా పక్కన కూర్చున్నామె బట్టల షాపులో పనిచేస్తుంది. ఎనిమిది వందల చీర మీద 15 శాతం తగ్గింపు అంటే 120 అని నోటితోనే చెప్పేస్తుంది. ఆమె నోట్‌బుక్‌లో మాత్రం 1/2, 1/3 కలిపితే 2/5 అని ఉంది. భిన్నాల దగ్గరే ఆగిపోయిన మనిషికి వర్గ సమీకరణం ఎలా ఎక్కుతుంది? మూడో వారానికి ఆమె రావడం మానేసింది. ఆదివారం షాపులో రద్దీ, సెలవు దొరకదు. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులకు గల్లీకో కోచింగ్ సెంటర్ ఉంది, పెద్దలకు భిన్నాలు చెప్పేవాళ్లు నాకు ఒక్కరూ కనిపించలేదు. ప్రభుత్వం మున్సిపల్ సర్కిల్‌కు ఒక సర్కారు బడిలోనైనా పనిదినాల్లో ఉదయం 7 నుంచి ఎనిమిదిన్నర వరకు పెద్దలకు లెక్కల తరగతి పెట్టాలి. మొదటి రెండు నెలలు భిన్నాలు, రుణ సంఖ్యలు, సులభ సమీకరణాలు మాత్రమే చెప్పి, ఆ తర్వాతే సిలబస్ మొదలుపెట్టాలి. బీఈడీ చేస్తున్నవారికి ఈ తరగతులు అప్పగిస్తే వాళ్లకూ బోధన అనుభవం వస్తుంది.

– ఒక పాఠకురాలు, బోరబండ, హైదరాబాద్