మంత్రి గారూ, ‘అత్యాశకు పోకండి’ అన్న ఆ పోస్టర్ తీయించండి

సైబర్ నేరాల సంగతి చూసే మంత్రి గారికి,

నమస్కారం. మీ శాఖ వేయించిన పోస్టర్ ఒకటి ఈమధ్య చూశాను. ఒకావిడ ఫోన్ చూసుకుంటూ సిగ్గుపడుతుంటుంది, వెనక ముసుగు మనిషి, అతని చేతిలో నోట్ల కట్టలు, కింద లావుపాటి అక్షరాలతో “అత్యాశకు పోకండి, మోసపోకండి” అని. దాన్ని తీయించమని అడగడానికే ఈ ఉత్తరం. తీసేశాక అక్కడ ఏం పెడితే బాగుంటుందో కూడా చెప్తాను. కాస్త పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

మా పెద్దమ్మ కూతురు ఒకావిడ ఉంది, నాకు అక్క. లెక్కల టీచరు. బిల్లు చేతికొస్తే కూడిక సరిచూడకుండా డబ్బు తీసే మనిషి కాదు. భర్త పోయి ఆరేళ్ళయింది, పిల్లలు ఎవరి దారిన వాళ్ళున్నారు. విదేశాల వాళ్ళతో పరిచయాలు కలిపే డేటింగ్ యాప్‌లో ఒకాయన కలిశాడు. సముద్రం మధ్యలో చమురు తీసే రిగ్గు మీద ఇంజనీరట, భార్య చనిపోయిందట, హాస్టల్లో చదువుకునే కూతురుందట. పదకొండు నెలలు మాట్లాడుకున్నారు. ఆ పదకొండు నెలలు అయ్యేసరికి అక్క దాచుకున్నది ఏమీ మిగల్లేదు. ఎంత అన్నది రాయను. అంకె చెప్పగానే జనం ఇక అంకె గురించే మాట్లాడతారు.

అక్కకి అత్యాశ లేదండీ. అతను ఏదో ఇస్తాడని ఆమె మాట్లాడలేదు. రాత్రి పిల్లల పేపర్లు దిద్దడం అయ్యాక “ఇవాళ ఎలా గడిచింది” అని అడిగే మనిషి ఒకడు దొరికాడని మాట్లాడింది. నిజం చెప్పాలంటే మొదట్లో నేనూ మీ పోస్టర్ లాగే ఆలోచించాను. “ఇంత చదువుకుని ఎలా నమ్మావక్కా” అని మొహం మీదే అడిగేశాను. ఆ ప్రశ్నకి ఆమె ఇప్పటికీ జవాబు చెప్పలేదు, నేనూ మళ్ళీ అడగలేదు. ఫిర్యాదు రాయడానికి కావాలంటే తన ఫోన్ నా చేతికిచ్చింది, పదకొండు నెలల చాటింగ్ మొత్తం కూర్చుని చదివాను. విడివిడిగా చూస్తే అందులో ఏ మెసేజీ మోసంలా లేదు. మొత్తం కలిపి ఒక్కసారి చదివితే తప్ప బయటపడదు, అలా చదివే వీలు ప్రేమలో ఉన్న మనిషికి ఉండదు, రోజుకో ముక్క వస్తుంది కదా.

ఇప్పటిదాకా మనం జనానికి నేర్పిన గుర్తులేమిటి? భాషలో తప్పులుంటే అనుమానించు. ఫోటోని గూగుల్‌లో వెతికి చూడు. వీడియో కాల్ అడుగు. అక్క ఈ మూడూ చేసింది! భాష శుభ్రంగా ఉంది, ఇవాళ రేపు ఏఐ చేత ఏ భాషలో కావాలంటే ఆ భాషలో ప్రేమలేఖ రాయించుకోవచ్చు కాబట్టి తప్పులు వెతకడం వల్ల లాభం లేదు. ఫోటో వెతికితే ఏమీ దొరకలేదు. దొంగిలించిన ఫోటో అయితే అసలు మనిషి ఎక్కడో ఒకచోట బయటపడతాడు, కంప్యూటర్ పుట్టించిన మొహానికి అసలు మనిషే ఉండడు. వీడియో కాల్ కూడా వచ్చింది, రెండు నిమిషాలు, మసగ్గా, రిగ్గు మీద నెట్ బాగుండదని ముందే చెప్పి ఉన్నాడు కాబట్టి ఆమెకి అది వింతగా అనిపించలేదు. 2024 అక్టోబర్‌లో హాంకాంగ్ పోలీసులు 27 మందిని పట్టుకున్నారు గుర్తుందా, డీప్‌ఫేక్‌తో వీడియో కాల్‌లో ఆడవాళ్ళ మొహాలు పెట్టుకుని ఆసియా అంతటా మగవాళ్ళ దగ్గర 4.6 కోట్ల డాలర్లకు పైగా లాగిన ముఠా అది. ‘కంటితో చూస్తే నమ్మొచ్చు’ అన్న సలహాకి కాలం చెల్లింది. మీ శాఖ వెబ్‌సైట్‌లో మాత్రం ఇంకా అదే ఉంది.

మరి ఏది గుర్తు? చాటింగ్ చదువుతుంటే నాకు ముందుగా తట్టింది ఆ ఉద్యోగం. రిగ్గు ఇంజనీరు, ఓడ కెప్టెన్, శాంతి దళంలో డాక్టరు, యుద్ధం జరిగే చోట సైనికుడు. ఎప్పుడు విన్నా వీళ్ళే ఎందుకో ఆలోచించండి. ఆ ఉద్యోగం చెప్తే ఇక దేనికీ వేరే సాకు అక్కర్లేదు. కలవడానికి రాలేడు, సెలవు దొరకదు. ఫోన్ సరిగ్గా తగలదు, సముద్రం. తన సొంత బ్యాంకు ఖాతాని తానే వాడుకోలేడు, అక్కడ నెట్ ఉండదు. వేళ కాని వేళ మెసేజ్ పెడతాడు, అక్కడ టైమ్ వేరు. మనం ఏ ప్రశ్న అడగాలో ఆ ప్రశ్నలన్నిటికీ జవాబు అతను పరిచయమైన మొదటి రోజే ఇచ్చేసి ఉంచుతాడు. పైగా అది గౌరవమైన ఉద్యోగం, కష్టమైన ఉద్యోగం, అనుమానిస్తే మనకే తప్పుగా అనిపిస్తుంది.

రెండోది, మకాం మార్చడం. పరిచయమై నాలుగు రోజులు కాకముందే “ఈ యాప్ నాకు నచ్చట్లేదు, నువ్వు దొరికాక ఇక ఇది ఎందుకు, వాట్సాప్‌లోకి వద్దాం” అన్నాడు. అక్కకి అది ముచ్చటగా అనిపించింది. అసలు సంగతేమిటంటే యాప్ వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఆ ప్రొఫైల్ తీసేస్తారు, తీసేసేలోపు మనిషిని బయటికి లాక్కుపోవాలి. తీసేశారు కూడా! అతని ఖాతా మూడో వారంలోనే యాప్‌లో కనబడకుండా పోయింది. అంటే ఆ కంపెనీకి ఏదో అనుమానం వచ్చింది, తన జాగ్రత్త తాను పడింది, అతనితో అప్పటికే మాట్లాడుతున్న మా అక్కకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. “నా ఖాతా నేనే మూసేశాను, నీకోసం” అని అతను చెప్పుకున్నాడు. మంత్రి గారూ, ఈ పదకొండు నెలల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. అమెరికాలో వెర్మాంట్ అనే చిన్న రాష్ట్రం ఉంది, అక్కడ చట్టం ప్రకారం మోసం అనుమానంతో ఎవరినైనా నిషేధిస్తే, ఆ మనిషితో మాట్లాడిన సభ్యులకి డేటింగ్ సంస్థ ఆ విషయం తెలియజేయాలి. ఒక చిన్న రాష్ట్రం రాయగలిగిన చట్టం మీరు రాయలేరా?

ఇక డబ్బు. అతను డబ్బు అడగలేదు, ఇది గమనించండి. మొదట తనే పంపాడు, బహుమతుల పార్శిల్. రెండు రోజులకి ‘కస్టమ్స్ ఆఫీసర్’ ఫోన్, సుంకం కట్టాలి అని, కట్టాల్సింది ఒక వ్యక్తి సొంత ఖాతాకి. కస్టమ్స్ వాళ్ళు ఎవరో మనిషి పేరున్న ఖాతాలో సుంకం వేయమంటారా, ఏ దేశంలోనైనా? ఆ తర్వాత టికెట్ కొన్నాడు, బయల్దేరే ముందురోజు కూతురికి యాక్సిడెంట్. అమెరికాలో వినియోగదారుల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ, 2022లో ప్రేమ మోసాల మీద వచ్చిన ఫిర్యాదుల్లో దొంగలు చెప్పిన అబద్ధాలని లెక్కగట్టింది, అన్నిటికంటే ఎక్కువ వినిపించిన కథ ఇదే, నాకో నావాళ్ళకో జబ్బు, దెబ్బ, లేదా జైలు, 24 శాతం. తర్వాత సెలవు కోసం కట్టాల్సిన ఫీజు వచ్చింది, అదీ కట్టింది. ఎప్పుడూ చివరి అడుగే అడ్డం పడుతుంది, అది దాటడానికి కొంచెం డబ్బు కావాలి, దాటగానే ఇంకో చివరి అడుగు. ఇంత కట్టాక ఇప్పుడు ఆపేస్తే కట్టినదంతా పోతుందన్న టెన్షన్ ఒకటి. లెక్కల టీచర్ని పట్టించింది ఆ లెక్కే.

ఇప్పుడు వచ్చిన కొత్త రకంలో అయితే సాయమే అడగరు. “నేను క్రిప్టోలో పెడుతున్నాను, నీకూ నేర్పిస్తా” అంటారు. వాళ్ళు చూపించే సైట్‌లో లాభం రోజూ పెరుగుతుంటుంది, మొదట కొంచెం వెనక్కి తీసుకోనిస్తారు కూడా, నమ్మకం కుదిరి పెద్ద మొత్తం పెట్టాక తీసుకోబోతే ‘పన్ను’ కట్టమంటారు. అసలు ఆ సైటే వాళ్ళది.

ఒక్క ప్రశ్న అడిగితే వీటిలో చాలావరకు తేలిపోతాయి, అదే మీ పోస్టర్ మీద ఉండాల్సింది: ‘మీరిద్దరూ ఎప్పుడైనా ఎదురెదురుగా కలిశారా?’ ఇది నా సొంత తెలివి కాదు. అమెరికా పౌరుడు తను పెళ్ళి చేసుకోబోయే విదేశీ మనిషికి కె-1 వీసా కోసం దరఖాస్తు పెడితే, అంతకుముందు రెండేళ్ళలో ఒక్కసారైనా ఇద్దరూ స్వయంగా కలిసి ఉండాలి అన్నది నిబంధన, అరుదుగా తప్ప మినహాయింపు ఇవ్వరు. ప్రేమ నిజమా కాదా అన్నది చూడ్డానికి ప్రభుత్వమే ఆ ప్రశ్న పెట్టుకుంది. కలవకుండా డబ్బు పంపొద్దు, ఒక్క పైసా కూడా, ఎంత చిన్న మొత్తమైనా. దూరదేశంలో ఉన్న మనిషిని ప్రేమించొద్దని నేను అనట్లేదు. నెట్‌లో కలిసి పెళ్ళి చేసుకుని హాయిగా ఉన్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, వాళ్ళని దొంగల్లా చూడటం మొదలెడితే అది ఇంకో తప్పు. కాకపోతే వాళ్ళెవరూ కలవకముందే కస్టమ్స్ సుంకం కట్టించి ఉండరు.

పోస్టర్ మార్చినంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే ఆ ప్రశ్న నేను అక్కని అడిగి ఉంటే అబద్ధం చెప్పేది. చెప్పించేవాడు వాడే. “మన సంగతి అప్పుడే ఎవరికీ చెప్పొద్దు, అసూయ పడతారు” అన్న మాట ఆ చాటింగ్‌లో ఎన్నిసార్లుందో నేను లెక్కపెట్టడం మానేశాను. బ్యాంకులో అడిగితే ఇల్లు రిపేరు అని చెప్పమన్నాడు, ఆమె అలాగే చెప్పింది. ప్రేమలో ఉన్న మనిషి తనంతట తను మేలుకుంటుందని కూర్చుంటే కుదరదు, ఆ పని బయటి నుంచి చూడగలిగినవాళ్ళు చేయాలి. బ్యాంకుకి కనబడదా? ఇరవై ఏళ్ళుగా జీతం, కరెంటు బిల్లు తప్ప ఏమీ లేని ఖాతాలోంచి ఒక్కసారిగా కొత్త కొత్త పేర్లకి, వారం వారం, పెరుగుతూ డబ్బు వెళ్తోంది. ఆ పేర్లలో ఒకటి కూడా విదేశీ పేరు కాదు, అన్నీ ఇక్కడి ఖాతాలే, దొంగలు వాడుకోవడానికి ఎవరెవరో అద్దెకిచ్చినవి. అంటే ఆ డబ్బు దేశం దాటక ముందే ఆపడానికి సమయం ఉంది.

బ్రిటన్‌లో 2024 అక్టోబర్ 7 నుంచి ఇలా మోసపోయి దేశంలోపలే పంపిన డబ్బుని బ్యాంకులు తిరిగివ్వాలి, 85,000 పౌండ్ల వరకు, పంపిన బ్యాంకూ అందుకున్న బ్యాంకూ చెరిసగం భరించాలి. జేబు కాలితే కళ్ళు తెరుచుకుంటాయి మరి. సింగపూర్ ఇంకో అడుగు ముందుకేసింది. 2025లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, మోసపోతున్నావని ఎంత చెప్పినా వినని మనిషి ఖాతాలోంచి డబ్బు వెళ్ళకుండా ఆపమని పోలీసులు బ్యాంకుకి ఆదేశం ఇవ్వొచ్చు, మొదట 30 రోజులు. నా డబ్బు నా ఇష్టం అనే మనిషిని నేను, ఆ చట్టం గురించి చదివినప్పుడు ఇబ్బందిగానే అనిపించింది, రేపు ఇంట్లో గొడవలకి దీన్ని వాడుకోరా అని. అయినా అక్కని అడిగాను. “నన్ను ఆపి ఉంటే ఆ నెల రోజులూ వాళ్ళని తిట్టుకునేదాన్ని” అంది. కాసేపాగి, “తిట్టుకుని ఉంటే బాగుండేది” అంది.

ఇక ఫిర్యాదు సంగతి. స్టేషన్ పేరు రాయను, పేరు రాస్తే ఒకరిద్దరిని బదిలీ చేసి ఊరుకుంటారు. నేను పక్కనే ఉన్నాను. ఫిర్యాదు రాసుకునే ఆయన చాటింగ్‌లో ఒక లైను పైకి చదివి పక్కాయనకి వినిపించాడు. ఇద్దరూ నవ్వారు. అక్క లేచి బయటికి వచ్చేసింది, మళ్ళీ ఆమెని లోపలికి తీసుకెళ్ళడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజుల్లో డబ్బు ఎన్ని ఖాతాలు మారి ఉంటుందో మీ అధికారుల్ని అడగండి. ఈ మోసాలకి ‘పంది కోత’ అనే పేరొకటి వాడుకలో ఉంది, దొంగలు తాము పెట్టుకున్న పేరు అది, మేపి కోస్తారని. ఆ పేరు వాడటం మానండి, బాధితులు సిగ్గుతో బయటికి రాకుండా పోతున్నారు అని ఇంటర్‌పోలే 2024 డిసెంబర్‌లో అందరినీ కోరింది. మన స్టేషన్లలో ఆ మాట వాడరు. నవ్వుతారంతే. 2022లో అమెరికాలో దాదాపు 70,000 మంది ప్రేమ పేరుతో జరిగే మోసాల మీద ఫిర్యాదు చేశారు, పోయింది 130 కోట్ల డాలర్లు, అది చెప్పుకున్నవాళ్ళ లెక్క మాత్రమే.

అటువైపు కూర్చుని మెసేజులు పెట్టేవాళ్ళ గురించి కూడా ఒక మాట. ఉద్యోగం అని నమ్మించి తీసుకెళ్ళి, పాస్‌పోర్టు లాక్కుని, కొట్టి ఈ పని చేయిస్తున్నవాళ్ళు మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో 1,00,000 మంది దాకా ఉంటారని 2023లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం చెప్పింది. అక్కతో మాట్లాడినవాడు అలాంటివాడో కాదో నాకు తెలిసే దారి లేదు. ఒక రాత్రి, డబ్బు సంగతి ఏమీ లేని రోజు, “నాకు నిద్ర పట్టట్లేదు” అని ఒకే ఒక్క లైను పెట్టాడు. అది ఎందుకో నా మనసులోంచి పోవట్లేదు.

ఇంకో సంగతి మర్చిపోయేదాన్ని. ఫిర్యాదు ఇచ్చిన వారానికి అక్కకి ఒక మెయిల్ వచ్చింది, పోయిన డబ్బు వెనక్కి తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి అని. మోసపోయినవాళ్ళ పేర్ల జాబితాలు చేతులు మారతాయి. ఫిర్యాదు తీసుకున్న రోజే ‘రేపు మీకిలా మెయిల్ వస్తుంది, నమ్మొద్దు’ అని ఒక కాగితం చేతిలో పెట్టడానికి ఏ చట్టమూ అక్కర్లేదు, ఈ వారమే మొదలుపెట్టొచ్చు.

మీరు ఎప్పుడైనా అధికారుల్ని కూర్చోబెట్టి ఈ విషయం మాట్లాడించాలనుకుంటే అక్క వస్తానంది. ఫోటోలు తీయకూడదు, పేరు ఎక్కడా రాకూడదు, చాటింగ్ ఎవరూ పైకి చదవకూడదు. ఈ మూడు షరతులూ ఆమెవే. పదకొండు నెలలదీ తేదీల వారీగా పట్టిక వేసి పెట్టుకుంది, ఏ రోజు ఏం చెప్పాడు, ఎన్నాళ్ళకి డబ్బు మాట వచ్చింది, ఎవరి ఖాతాకి ఎంత వెళ్ళింది అని, ఎర్ర సిరాతో, పేపర్లు దిద్దినట్టే.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఒక చెల్లెలు