ఆరోగ్య శాఖ మంత్రి గారికి, నా డిప్రెషన్ మాత్రల గురించి

మంత్రి గారూ, నేను సెర్ట్రలిన్ వాడుతున్నాను. మందుల షాపు కుర్రాడు చీటీ చూసి, నన్ను చూసి, గొంతు తగ్గించి "ఇవి మీకేనా?" అంటాడు. బీపీ మాత్రలకైతే తలెత్తి కూడా చూడడు.

మొదట్లో వికారం, నిద్ర పట్టకపోవడం మామూలే, గుణం కనిపించడానికి 2 నుంచి 6 వారాలు పట్టొచ్చు, ఈలోపే ఇంట్లోవాళ్లు "అలవాటైపోతాయి, మానెయ్" అని పోరు పెడతారు. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం ఉండొచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. ఈ ముక్క మందుల చీటీ మీద అచ్చు వేయించడానికి ఎంతవుతుందండీ?

ఇంకొకటి. డిప్రెషన్‌కే వాడే ఇంకో మందు ఫ్లూయాక్సెటిన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది. ప్రతి ప్రభుత్వ ఆస్పత్రిలోనూ దొరికేలా చూడండి. ఉద్యోగ దరఖాస్తుల్లో "మానసిక జబ్బు ఉందా" అనే గడి కూడా తీసేయించండి, దానికి భయపడే చాలామంది డాక్టర్ గడప తొక్కడం లేదు.