శుక్రవారం వరలక్ష్మీ వ్రతం మా ఇంట్లోనే

అక్కలూ, వదినలూ, విడివిడిగా ఫోన్ చేసే ఓపిక లేక అందరికీ ఒకటే మెసేజ్ పెడుతున్నా. ఈ శుక్రవారం పొద్దున్న 9కల్లా మా ఇంటికి వచ్చేయండి. శ్రావణ పౌర్ణమికి ముందొచ్చే శుక్రవారం ఇదే, కుదరనివాళ్లు ఈ నెలలోనే ఇంకో శుక్రవారం చేసుకోవచ్చు, టెన్షన్ పడకండి.

తోరాలు నేనే కడుతున్నా, 9 పోగుల దారానికి పసుపు రాసి 9 ముళ్లు, ముడికో పువ్వు. నిరుడు పసుపు ఆరకముందే కట్టేసుకుంటే అందరి జాకెట్ చేతులకీ మరకలే, అందుకే ఈసారి గురువారం సాయంత్రమే చేసి ఆరబెడతా. కలశం మీద కొబ్బరికాయకి రవికెగుడ్డ కిరీటంలా చుట్టడం మాత్రం నాకు చేతకాదు, ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగిపోతుంది, మూడో అంతస్తు పిన్నిగారూ, అది మీ పని.

పూర్ణం బూరెలు, పులిహోర, పరమాన్నం నేను చేస్తా. 9 రకాల పిండివంటలు ఉండి తీరాలని ఎవరూ పట్టుబట్టకండి. వాయనానికి 2 కేజీల శనగలు నానబోస్తున్నా, ఇంటికెళ్లగానే తాలింపు వేసుకోండి, ఫ్రిజ్‌లో మొలకలొచ్చేదాకా ఉంచకండి.

చారుమతి కథ ఎవరు చదువుతారు? నా గొంతు బొంగురుపోయింది.