నెలకి 26 వేలు అన్నారు, అసలు లెక్క వేరే ఉంది

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్నామధ్య మీ పేపర్లో ముసలి తల్లిదండ్రుల్ని పిల్లలు ఓల్డేజ్ హోముల్లో వదిలేస్తున్నారని రాశారు, చదివాను. రాసినవాళ్ళ బాధ అర్థమైంది, తప్పు పట్టట్లేదు, కానీ అంత పెద్ద వ్యాసంలో ఒక్కచోట కూడా డబ్బు మాట లేదండి. మంచాన పడ్డ మనిషికి ఇంట్లోనే ఉండే అటెండెంట్‌ని పెట్టుకుంటే నెలకి ఎంతవుతుంది, షిఫ్టుల్లో ఇద్దర్ని పెడితే ఎంత, హోములో అయితే ఎంత, ఇంట్లో ఒకళ్ళు ఉద్యోగం మానేస్తే ఎంత, ఇవేవీ తెలీకుండా ఫలానా కొడుకు మంచోడు ఫలానా కొడుకు చెడ్డోడు అని ఎలా అంటాం. మా ఇంట్లో రెండేళ్ళ పైనుంచి ఈ లెక్కల్లోనే ఉన్నాం, నాకు తెలిసింది రాస్తున్నా, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

మా అత్తయ్యకి 76 ఏళ్ళు. పక్షవాతం వచ్చి కుడిపక్క మొత్తం పడిపోయింది, 19 రోజులు హాస్పిటల్లో ఉంచి ఇంటికి తెచ్చుకున్నాం. డిశ్చార్జ్ రోజు డాక్టరు గారు ఒకటికి రెండుసార్లు చెప్పింది ఏంటంటే, రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రి కూడా తిప్పాలి, లేకపోతే వీపు మీద పుండ్లు పడతాయి అని. మావారు నేను ఇద్దరం ఉద్యోగాలే, మరిది డల్లాస్‌లో, ఆడపడుచు కాకినాడలో. ఆ రాత్రి నలుగురం వాట్సాప్ కాల్లో కూర్చుంటే మరిది "వదినా, ఇంట్లోనే ఉండే మనిషిని పెట్టేయండి, డబ్బు సంగతి నేను చూస్తా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. అటెండెంట్లని పంపే ఏజెన్సీకి ఫోన్ చేస్తే 24 గంటల మనిషి నెలకి 26 వేలు అన్నారు, సరే అయితే నెలకి 26 వేలు అని మేం నలుగురం అనేసుకున్నాం.

మొదటి నెల చివర నోటుబుక్కు తీసి కూడితే 65,400 వచ్చింది.

ఎలా అంటే, ఏజెన్సీకి 26,000, రిజిస్ట్రేషన్ అని ముందే కట్టించుకున్న 5,000 (అది తిరిగి రాదు), అమ్మాయి టిఫిను భోజనం టీలు అన్నీ కలిపి సుమారు 4,500, ఆమెకి నెలకి రెండు రోజులు సెలవు, ఆ రెండు రోజులకి వేరే మనిషి వస్తే రోజుకి 1,200 చొప్పున 2,400. హాస్పిటల్ మంచం అద్దె 3,500. డైపర్లు, కింద వేసే షీట్లు 6,500. ఫిజియో 20 రోజులు వస్తే రోజుకి 600 లెక్కన 12,000. మందులు 5,500. ఇవి మా కూకట్‌పల్లి లెక్కలు, మీ ఊళ్ళో రేటు వేరే ఉండొచ్చు, కానీ ఖర్చుల వరస మాత్రం ఇదే ఉంటుంది.

ఇక్కడ మాకు ఆలస్యంగా తెలిసొచ్చిన విషయం ఒకటుంది. డైపర్లు, మందులు, ఫిజియో, ఇవి మనిషి ఎక్కడున్నా తప్పవు, ఇంట్లో ఉన్నా హోములో ఉన్నా కాకినాడలో ఉన్నా అదే ఖర్చు. మాకు మంచం అద్దెతో కలిపి అది 27,500. దాన్ని, ఒక్కసారే కట్టే ఆ రిజిస్ట్రేషన్ 5,000ని పక్కన పెట్టి చూస్తే ఇంట్లో ఉండే మనిషి అసలు ఖరీదు నెలకి 32,900, అంటే ఏజెన్సీ చెప్పిన దానికంటే దాదాపు 7 వేలు ఎక్కువ. ఒక దాంతో ఒకటి పోల్చాలంటే ఈ 32,900నే పెట్టి పోల్చాలి. మేం మొదట్లో 26 వేలు పెట్టి పోల్చాం, అందుకే తప్పు నిర్ణయాలు తీసుకున్నాం.

డబ్బు ఒక్కటే కాదు, ఆ 24 గంటలు అన్న మాటే తప్పండి. పాలకొండ వైపు నుంచి వచ్చిన అమ్మాయి, ముప్పై ఏళ్ళు ఉంటాయేమో, ఇద్దరు పిల్లల్ని వాళ్ళ అమ్మ దగ్గర వదిలి వచ్చింది. చాలా మంచి పిల్ల. అత్తయ్యని మామ్మగారూ మామ్మగారూ అంటూ ఎంత ఓపిగ్గా తినిపించేదో. మూడో వారంలో ఒకరోజు వంటింట్లోకొచ్చి "అక్కా, రాత్రి నాలుగైదుసార్లు లెగాల్సొత్తంది, పగలు కళ్ళు తిరుగుతన్నాయి" అంది. నేను ఆఫీసు హడావిడిలో ఉన్నా, మధ్యాహ్నం కాసేపు పడుకో అన్నాను, అంతటితో వదిలేశాను. అది నా తప్పు. రెండు గంటలకోసారి లేచే మనిషి మర్నాడు పగలంతా ఎలా పనిచేస్తుంది, అలా ఎన్నాళ్ళు చేస్తుంది? ఐదో వారంలో అత్తయ్య నడుము కింద పుండు పడింది. నర్సు రోజు విడిచి రోజు ఇంటికొచ్చి డ్రెస్సింగ్ చేసేది, ఒక్కసారికి 700, రెండు నెలలు పట్టింది, అంటే 21 వేలు. ఆ పుండు ఆ అమ్మాయి నిర్లక్ష్యం వల్ల కాదు, ఒక్క మనిషితో ఇద్దరి పని చేయిద్దాం అనుకున్న మా లెక్క వల్ల.

26 వేలని 720 గంటలతో భాగిస్తే గంటకి 36 రూపాయలు వస్తుంది. అందులో కూడా ఏజెన్సీ తొమ్మిది వేలు ఉంచుకుని ఆమెకి 17 వేలు ఇస్తున్నారని తర్వాత ఆమే చెప్పింది, పైగా మొదటి నెల జీతం మధ్యలో మానేయకుండా అని ఆపేశారట. రెండో నెలాఖరున పిల్లాడికి జ్వరం అని ఊరెళ్ళింది, మళ్ళీ రాలేదు, నేను ఏమీ అనలేకపోయాను. ఏజెన్సీ వాళ్ళు రీప్లేస్‌మెంట్ 24 గంటల్లో అని కాగితం మీద రాసిచ్చారు, మనిషి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, తర్వాత ఒక్క నెలలో ముగ్గురు మారారు. కొత్త మనిషి వచ్చినప్పుడల్లా అత్తయ్య ఒంటి మీద చెయ్యి వేయనిచ్చేది కాదు, మాట సరిగా రాదు కదా, ఏడ్చేది.

అప్పుడు ఆడపడుచు "వదినా నువ్వే కొన్నాళ్ళు సెలవు పెట్టు, బయటివాళ్ళకి ఇంతింత పోసే బదులు" అంది. పెట్టాను, మూడు నెలలు, జీతం లేకుండా. నా జీతం 42 వేలు, మూడు నెలలకి 1,26,000 పోయింది. అదే మూడు నెలలు అటెండెంట్ ఉంటే 98,700 అయ్యేది. ఇంట్లోవాళ్ళు చూసుకుంటే ఖర్చు లేదు అంటారు చూడండి, మా నోటుబుక్కులో అన్నిటికంటే ఎక్కువ ఖర్చు అదే. పీఎఫ్ ఆగింది, ఆ ఏడాది ఇంక్రిమెంట్ రాలేదు, నా నడుం పట్టేసింది. మావారి జీతం నాకంటే ఎక్కువ కాబట్టి నేనే మానాలి అని అందరూ మామూలుగా అనేశారు, ఏ ఇంట్లో అయినా కోడలో కూతురో మానేస్తుంది, ఆ పోయిన జీతాన్ని మాత్రం ఖర్చు కింద ఎవరూ రాయరు. నేను రాశాను.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వాళ్ళమ్మ కూడా మంచంలోనే ఉంది. అతని భార్య నాలుగిళ్ళల్లో పని చేసేది, ఇంటికి 2,500, అత్తకోసం నాలుగూ మానేసింది. నెలకి పదివేలు పోయాయి, వచ్చేది ఆసరా పింఛను 2,016. ఏజెన్సీ, హోము అనే మాటలు వాళ్ళ దాకా రానే రావు. ఆంధ్రాలో అయితే పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకి 2024 జులై నుంచి నెలకి 15,000 పింఛను ఇస్తున్నారు, అది నిజంగా పనికొచ్చే సాయం, తెలంగాణలో కూడా అలా ఇస్తే ఆ అమ్మాయి కనీసం రెండిళ్ళ పనికి వెళ్ళి రాగలదు.

హోములు కూడా చూశాం, దాచడం ఎందుకు. శామీర్‌పేట, మేడ్చల్ వైపు మూడు తిరిగాం. నడవగలిగే మనిషికి 18 వేలు, మంచం మీద ఉంటే ఇద్దరికి ఒక గది లెక్కన 32 వేలు, విడిగా గది అయితే 45. డిపాజిట్ లక్ష. డైపర్లు మందులు ఫిజియో మనమే, మంచం వాళ్ళది, అంటే మాకు నెలకి 56 వేలు, ఇంట్లో అటెండెంట్‌తో అయితే రిజిస్ట్రేషన్ పోను 60,400. పెద్ద తేడా లేదు, అందుకని డబ్బు మిగుల్చుకోడానికి హోములో వేస్తున్నారు అనడం మంచం మీద ఉన్నవాళ్ళ విషయంలో కుదరదు. ఉచిత ఆశ్రమాలు కొన్నిటిని అడిగాం, ఎవరూ లేనివాళ్ళనే తీసుకుంటాం, అదీ తమ పని తాము చేసుకోగలిగితేనే అన్నారు. డబ్బు కట్టే చోట మాత్రం ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి, రాత్రి పూట ఎంతమందికి ఒక మనిషి ఉంటారు అని. ఒకచోట పగలు బాగా చూపించారు, రాత్రి అని అడిగితే మాట మార్చారు.

ఇంకో విషయం కూడా తెలుసుకోవాలి. హోములో తలకింత అని కట్టాలి, ఇంట్లో పెట్టుకునే మనిషికి ఇంటికింత. మా పక్క ఫ్లాట్‌లో పెద్దాయన, ఆంటీ ఇద్దరూ 80 దగ్గర పడ్డారు, ఇద్దరూ లేచి తిరుగుతారు, రాత్రి నిద్రపోతారు, వంటకి, మందులు గుర్తు చేయడానికి, బాత్రూమ్‌లో పడిపోకుండా చూడటానికి మనిషి కావాలి అంతే. వాళ్ళకి లివ్-ఇన్ మనిషి, అంటే ఇంట్లోనే ఉండే మనిషి, చక్కగా సరిపోయింది, ఏడాదిన్నరగా ఒకే అమ్మాయి, తనకి విడిగా గది, రాత్రి నిద్ర. హోములో అయితే ఇద్దరికీ కలిపి 36 వేలు. కాబట్టి ఎవరికి ఏది చవక అనేది రాత్రి ఎన్నిసార్లు లేవాలి, ఇంట్లో చూడాల్సినవాళ్ళు ఎంతమంది, ఆ వచ్చిన మనిషి పడుకోడానికి చోటుందా, వీటి మీద ఆధారపడి ఉంటుంది. మాది డబుల్ బెడ్రూమ్, ఆ అమ్మాయి అత్తయ్య మంచం పక్కనే కింద పడుకునేది, అది నిద్ర కాదు.

చివరికి మేం చేసింది ఏంటంటే షిఫ్టులు. పగలు 12 గంటలకి 17,000, రాత్రి 12 గంటలకి 18,000, ఒకపూట తిండికి టీలకి 1,500, మొత్తం 36,500. లివ్-ఇన్ కంటే 3,600 ఎక్కువ, అంతే. ఆ 3,600 మొదటి నెలే పెట్టుంటే 21 వేల డ్రెస్సింగ్ ఉండేది కాదు. ఆరు నెలలు అలా నడిచింది, అత్తయ్య తనంతట తను పక్కకి తిరగడం మొదలెట్టాక రాత్రి మనిషిని మాన్పించాం. ఇప్పుడు దగ్గర్లో బస్తీ నుంచి ఒకావిడ నేరుగా వస్తుంది, 16 వేలు, ఆదివారాలు సెలవు, ఆదివారం మావారి డ్యూటీ. ఆధార్ తీసుకుని పోలీస్ వెరిఫికేషన్ చేయించుకున్నాం. ఆవిడ రాని రోజు రీప్లేస్‌మెంట్ ఉండదు, దానికి ముందే సిద్ధపడి ఉండాలి. మరిది 25 వేలు పంపుతాడు, ఎండాకాలం రెండు నెలలు ఆడపడుచు కాకినాడ తీసుకెళ్తుంది.

ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. మా పాలసీలో హాస్పిటల్ మంచం మీద ఉన్నన్నాళ్ళే, ఇంటికొచ్చాక అటెండెంట్‌కి ఒక్క రూపాయి ఇవ్వలేదు. 2024 అక్టోబరు నుంచి 70 దాటిన అందరికీ ఆయుష్మాన్ కింద ఐదు లక్షల కవరు ఇస్తున్నారు, మంచిదే, అదీ హాస్పిటల్ వైద్యానికే. 2007 తల్లిదండ్రుల పోషణ చట్టంలో ట్రిబ్యునల్ ఇప్పించగలిగేది నెలకి 10,000 దాకానే, మా ఖర్చులో ఆరో వంతు కూడా కాదు. 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు, ఆ పరిమితి తీసేయాలని, ఇంటి దగ్గర సేవలిచ్చే ఏజెన్సీలు రిజిస్టర్ చేసుకోవాలని అందులో ఉంది. అది చట్టం కాలేదు. రిజిస్ట్రేషన్ ఫీజు తిరిగిస్తారా, మనిషి చేతికి ఎంత ఇస్తారు, రీప్లేస్‌మెంట్ రాకపోతే ఆ రోజులకి డబ్బు తగ్గిస్తారా, ఇవి అడగడానికి ఈ ఏజెన్సీల కోసమని విడిగా ఒక ఆఫీసు లేదు. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 ఉంది, హోముల వివరాలు, చట్టం సలహా అడగొచ్చు, చాలామందికి ఆ నంబరే తెలీదు, దయచేసి మీ పేపర్లో పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇంకొక్క విన్నపం. మీరు రోజూ బంగారం రేటు వేస్తారు, ఆదివారం సంబంధాల పేజీలు వేస్తారు. నెలకోసారి హైదరాబాద్, విజయవాడ, విశాఖ, వరంగల్ లాంటి ఊళ్ళల్లో పగటి డ్యూటీ ఎంత, రాత్రి డ్యూటీ ఎంత, లివ్-ఇన్ ఎంత, హోముల్లో ఎంత, డిపాజిట్ ఎంత, చేసే మనిషి చేతికి ఎంత అందుతోంది అని మీ విలేకర్లతో కనుక్కుని వేయండి. డల్లాస్‌లోనో సిడ్నీలోనో కూర్చుని అమలాపురంలో ఉన్న అమ్మ కోసం ఫోన్లో మనిషిని మాట్లాడుతున్న పిల్లలకి కూడా పనికొస్తుంది. మా నోటుబుక్కులో మొదటి నెల నుంచి నిన్నటి దాకా రాసింది ఉంది, కావాలంటే కాపీలు తీసి మీ ఆఫీసులో ఇచ్చి వెళ్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కూకట్‌పల్లి, హైదరాబాద్