ఇస్సిక్‌కుల్ పిల్లవాడు మనకు పరాయివాడా?

సంపాదకులకు నమస్కారం.

బడి గ్రంథాలయాలకు ఎలాంటి పుస్తకాలు కొనాలన్న విషయం మీద గత వారం మీరు అచ్చువేసిన కర్నూలు పాఠకుడి ఉత్తరం చదివాను. ఆయన రెండు మాటలు గట్టిగా అన్నారు. మన ఊరి సంగతే తెలియని పిల్లలకు పరాయి దేశాల బాల్యాలు ఎందుకన్నది ఒకటి. సోవియట్ పుస్తకాలను మళ్లీ తెచ్చి పెట్టడమంటే, లేకుండా పోయిన ఒక ప్రభుత్వపు ప్రచారాన్ని పిల్లల చేత చదివించడమేనన్నది రెండోది. నేను ఉద్యోగకాలమంతా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలోనే సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయినదాన్ని. ఆ రెండు మాటలకూ నా దగ్గర జవాబుంది. పొడుగయితే ఎక్కడైనా కత్తెర వేసుకోండి గాని, కిర్గిజ్ రచయిత చింగీజ్ ఐత్‌మాతొవ్ పేరు మాత్రం తీసేయకండి.

పాఠ్యపుస్తకంలో మధ్య ఆసియా అంటే ఖండాంతర్గత శీతోష్ణస్థితి, స్టెప్పీ గడ్డిభూములు, పశుపోషణ. పోటీ పరీక్షల పుస్తకాల్లో అదీ ఉండదు. కిర్గిజ్‌స్తాన్, రాజధాని బిష్కెక్, కరెన్సీ సోమ్, అంతే. పిల్లలు ఒక్క రాత్రిలో బట్టీపట్టి, పరీక్ష రాసి, మరునాటికి మరిచిపోయేవారు. నేనెప్పుడూ వాళ్లను తప్పు పట్టలేదు. గుర్తుంచుకోవడానికి అందులో ఒక్క మనిషయినా లేడు కదా.

అందుకని ఆ పాఠం వచ్చినప్పుడల్లా 'తొలి ఉపాధ్యాయుడు' సంచిలో వేసుకుని వెళ్లేదాన్ని. ఐత్‌మాతొవ్ 1962లో రాసిన కథ అది. జరిగేది 1920ల్లో, కుర్కురేవు అనే కిర్గిజ్ పల్లెలో. తనకే చదువు అంతంతమాత్రంగా వచ్చిన ద్యూషేన్ అనే యువకుడు కొండమీద పాడుబడిన గుర్రపుశాలను బాగుచేసి బడి పెడతాడు. చలికాలంలో పిల్లలను వీపున మోసుకుంటూ వాగు దాటిస్తుంటే, గుర్రాల మీద పోతున్న మోతుబరులు చూసి పగలబడి నవ్వుతారు. తల్లీతండ్రీ లేక బంధువుల పంచన బతుకుతున్న అల్తినాయ్ అనే పిల్ల, పొయ్యిలోకి ఎండుపేడ ఏరుకురావడానికి వెళ్లి, నిండిన గోతాన్ని బడి దగ్గర గుమ్మరించి వస్తుంది. చలికాలం వస్తే బడిలో నిప్పు కావాలి కదా అని.

ఇక్కడికి వచ్చేసరికి ప్రతి ఏడూ ఎవరో ఒకరు లేచి అడిగేవారు, "అక్కడ కూడా పిడకలేనా టీచర్?" అని. ఇక పీరియడ్ దానిమీదే నడిచేది. చెట్లు పలచగా ఉన్న నేలలో వంటచెరకు ఎక్కడి నుంచి వస్తుంది? వాన సరిగ్గా పడకపోతే అక్కడి మనిషి నాగలి పట్టాలా, మందను తోలుకుని తిరగాలా? సముద్రానికి అంత దూరంలో ఉన్నచోట చలి ఎందుకు అంత కరుకుగా ఉంటుంది? నేను బోర్డు మీద రాయాల్సిందంతా ఆ పేడ గోతం వెనకాలే వచ్చేసేది.

తరువాతి ఘట్టంలో మాత్రం తరగతిలో మాట వినబడేది కాదు. అల్తినాయ్‌కి పదిహేనేళ్లు నిండీ నిండకుండానే, ఇంట్లోవాళ్లు ఆమెను ఒక పెళ్లయినవాడికి రెండో భార్యగా ఇవ్వడానికి ఒప్పుకుంటారు. ఆ మనుషులు బడిమీద పడి, అడ్డొచ్చిన ద్యూషేన్‌ను చావగొట్టి, పిల్లను గుర్రం మీద ఎత్తుకుపోతారు. దసరా సెలవుల తరువాతో సంక్రాంతి తరువాతో ఒకరిద్దరు ఆడపిల్లలు బడికి తిరిగిరాకపోవడం మా ఊళ్లలో అందరూ ఎరిగిన సంగతే. తరగతిలో ఎవరూ నోరు విప్పలేదు. ఆ పుస్తకం మాత్రం ఆడపిల్లల బెంచీల్లోనే చేతులు మారుతూ తిరిగింది. నాకు మళ్లీ అందేసరికి అట్ట ఊడిపోయి ఉంది. దాని గురించి నేనేమీ అడగలేదు.

ఆయనదే 'జమీల్యా' గురించి ఎక్కువ చెప్పను. అది ప్రేమకథ కాబట్టి హెడ్మాస్టర్లకు భయం. నాకు మాత్రం అందులో పదిహేనేళ్ల సేయిత్ ముఖ్యం. మగవాళ్లంతా రెండో ప్రపంచయుద్ధానికి పోగా, ఊరి ధాన్యాన్ని బండి కట్టి రైల్వేస్టేషనుకు తోలే పని వాడిమీద పడింది. ఐత్‌మాతొవ్ బాల్యం కూడా దానికి తీసిపోదు. 1928లో తలాస్ లోయలోని షేకెర్ అనే ఊళ్లో పుట్టిన ఆయన, యుద్ధకాలంలో పద్నాలుగేళ్లకే ఆ ఊరి సోవియట్‌కు, అంటే గ్రామ పాలక సభకు, కార్యదర్శిగా కూర్చోవలసి వచ్చింది. యుద్ధరంగం నుంచి వచ్చిన చావు కబురు కాగితాలను ఇంటింటికీ వెళ్లి అందజేయడమూ ఆ పనిలో భాగమే. అది మా తొమ్మిదో తరగతివాడి వయసు.

ఇక 'తెల్ల ఓడ'. 1970లో వచ్చిన ఈ నవలను నేను ఇంగ్లీషు ప్రతి నుంచి తెలుగులో నోటితోనే చెప్పేదాన్ని. అడవి కాపలావాళ్ల మూడిళ్ల చోట, తాత దగ్గర పెరుగుతున్న ఒక చిన్న పిల్లవాడు రోజూ కొండెక్కి, బైనాక్యులర్స్‌తో ఇస్సిక్‌కుల్ సరస్సు మీద పోయే తెల్ల ఓడను చూస్తాడు. తన తండ్రి ఆ ఓడలో పనిచేస్తున్నాడని వాడి నమ్మకం. చేపగా మారి ఈదుకుంటూ నాన్న దగ్గరికి పోవాలని వాడి ఆశ. "సముద్రమే లేని దేశంలో ఓడ ఎలా తిరుగుతుంది?" అని మా పిల్లలు నన్ను నిలదీశారు. ఒడ్డున పుట్టినవాళ్లకు ఆ మాత్రం పౌరుషం ఉంటుంది. సముద్రమట్టానికి 1600 మీటర్ల ఎత్తున, చుట్టూ మంచుకొండలున్నా చలికాలంలో గడ్డకట్టని ఉప్పునీటి సరస్సు అని పటం తీసి చూపించాను.

ఒకసారి నేను ఈ నవల తరగతిలో చెబుతున్నది 2018లో. ఆ అక్టోబరులోనే తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. తోటలో కూలిపని పోయిన ఇళ్లు, చేపలవేట మీదే ఆధారపడిన ఇళ్లు నా తరగతిలో సగానికి పైనే. వేటకు వెళ్లేవాళ్లలో ఎంతోమంది ఏడాదిలో చాలా నెలలు ఇంటి దగ్గర ఉండరు. గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద కూలికి పనిచేస్తారు. ఆ నవంబరులో మా జిల్లావాళ్లు కొందరు అలా వేటలో ఉండగానే పాకిస్తాన్ గస్తీదళానికి పట్టుబడ్డారు. 2020 జనవరి దాకా ఇల్లు చేరలేదు. ఆ రోజుల్లో నా తరగతిలో తండ్రి బోటు మీద ఉన్న పిల్లలకు ఇస్సిక్‌కుల్ పిల్లవాడిని పరిచయం చేయడానికి నేను పెద్దగా కష్టపడలేదు. ఎప్పుడూ నోరు మెదపని ఒక కుర్రవాడు, వాళ్ల నాన్న వెళ్లే రైలు ఏ ఊళ్ల మీదుగా పోతుందో వరసగా చెప్పుకొచ్చాడు. నాకన్నా బాగా చెప్పాడు. నవల ముగింపు ఇక్కడ రాయను. చదవనివాళ్లకు అన్యాయం చేసినట్టవుతుంది.

కర్నూలు పెద్దమనిషి మొదటి మాటకు నా జవాబు ఇదే. పరాయి బాల్యం చదివిన పిల్లలు తమ ఊరిని మరిచిపోలేదు సరికదా, దాని గురించి నోరు తెరిచి మాట్లాడారు. పైగా పరాయి అన్నది ఎక్కడ మొదలవుతుంది? నామిని గారి 'మిట్టూరోడి కతలు' నాకు ప్రాణం. కాని శ్రీకాకుళం పిల్లలకు చిత్తూరు పల్లె మాట పట్టుబడడానికి, కిర్గిజ్ గుర్రపుశాల కన్నా ఎక్కువ సమయమే పట్టింది. ఖదీర్‌బాబు గారి 'దర్గామిట్ట కతలు' చదివితే, పక్కవీధిలో ఉన్నా తాము ఎన్నడూ గడప తొక్కని ముస్లిం ఇళ్ల బాల్యం వాళ్లకు తెలిసింది. ఈ పుస్తకాలూ కావాలి, ఆ పుస్తకాలూ కావాలి. ఒకటి కొంటే రెండోది కొనకూడదన్న లెక్క నాకు అర్థం కాదు.

రెండో మాటలో కొంత నిజముంది. ద్యూషేన్ బడి గోడకు లెనిన్ బొమ్మ తగిలిస్తాడు. లెనిన్ పోయినప్పటి పుటలు నాకు ఇప్పటికీ కాస్త ఎక్కువగానే అనిపిస్తాయి. అంతమాత్రాన ఆ రచయితను ప్రభుత్వ బాకాగా తీసిపారేస్తే ఒప్పుకోను. ఆయన తండ్రి తొరెకుల్ ఐత్‌మాతొవ్‌ను ప్రజాశత్రువని ముద్రవేసి 1938లో కాల్చి చంపింది అదే ప్రభుత్వం. ఎక్కడ పూడ్చారో భార్యాపిల్లలకు చెప్పలేదు. 1963లో 'తల్లీ భూదేవి' రాసినప్పుడు ఐత్‌మాతొవ్ ఆ పుస్తకాన్ని తల్లిదండ్రులిద్దరికీ అంకితమిస్తూ, తండ్రి సమాధి ఎక్కడుందో తనకు తెలియదని అచ్చులోనే పెట్టాడు. అంతకన్నా చెప్పనిచ్చే కాలం కాదది. 1991లో చోంగ్‌తాష్ దగ్గర పాత ఇటుకబట్టీలో వందకు పైగా మృతుల అవశేషాలు బయటపడ్డాయి. వాటిలో తొరెకుల్ కూడా ఉన్నాడు. ఆ అమరులకు కట్టిన అతాబెయిత్ స్మారకస్థలంలోనే 2008లో చింగీజ్‌నూ సమాధి చేశారు. ప్రచారం అంటగట్టారని భయపడేవాళ్లు ఈ కథను ముందుమాటగా అరపేజీ వేయమని అడగండి. పిల్లలు దేన్నయినా అర్థం చేసుకుంటారు.

పుస్తకాల అచ్చు గురించే మరో మాట. తెలుగులో ఐత్‌మాతొవ్‌ను మనకిచ్చిన ఉప్పల లక్ష్మణరావు గారు మా ఇచ్ఛాపురానికి పొరుగునే ఉన్న బరంపురం మనిషి. వృక్షశాస్త్రం చదివిన ఆయన మాస్కో వెళ్లి ఏళ్ల తరబడి అనువాదాలు చేశారు. మా చిన్నతనంలో విశాలాంధ్ర వారి పుస్తకాల వ్యాను వచ్చినప్పుడు కొన్న ఆ గట్టి అట్టల పుస్తకాల్లో అనువాదకుడి పేరు చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉండేది. ఈసారి అట్టమీద వేయండి.

పుస్తకాలు కొనడానికి డబ్బు లేదని ఎవరూ అనకూడదు. పౌర గ్రంథాలయాల కోసం ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా మనం కడుతూనే ఉన్నాం. బడుల్లో అసలు బాధ వేరే ఉంది. పుస్తకం పోతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో బీరువాకు తాళం వేసి, తాళంచెవిని ఇంకో బీరువాలో పెడతారు. ఏటా ఇన్ని పుస్తకాలు చిరిగినా పోయినా ఉపాధ్యాయులను అడగబోమని విద్యాశాఖ ఒక్క కాగితం ఇస్తే, ఎంపిక కమిటీల కన్నా అది ఎక్కువ పని చేస్తుంది. అలాగే వేరావల్ వెళ్లే తండ్రుల కోసం ఎదురుచూసే ఉద్దానం పిల్లల బాల్యాన్ని ఎవరైనా పుస్తకంగా రాస్తే, మొదటి ప్రతి నేను డబ్బిచ్చి కొంటాను.

కర్నూలు పాఠకుడు కోరితే నా 'తొలి ఉపాధ్యాయుడు' ప్రతిని స్పీడ్‌పోస్టులో పంపుతాను. అట్ట లేదు. చదివాక తిప్పి పంపాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని,
ఇచ్ఛాపురం, శ్రీకాకుళం జిల్లా